గ్లెనిస్ గెలిచిన పందెం

మా పోర్ట్ పిరీలో పిల్లలు ముందు తమ పేరు నేర్చుకుంటారు, ఆ తరవాత తమది ఫోర్డ్ ఇల్లో హోల్డెన్ ఇల్లో నేర్చుకుంటారు. మిగిలిన చదువు బడిలో చెబుతారు. రెండు కంపెనీల కార్ఖానాలూ మూతపడ్డాయి. ఈ దేశంలో ఇప్పుడు ఆ కార్లు ఎవరూ చేయరు. అయినా ఆదివారం వస్తే మాంసం కూరిన రొట్టె ఒక చేత్తో, చల్లటి కాఫీ పాల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని మేం వాటి గురించే పోట్లాడుకుంటాం. ఆరిపోయిన రెండు పొయ్యిల్లో ఏది ఎక్కువ వెలిగిందో తేల్చుకోవడానికి.

గ్లెనిస్ ట్రెజెన్జా హోల్డెన్ ఊళ్ళో ఫోర్డ్ మనిషి. వాళ్ళ నాన్న సీసం కరిగించే కొలిమిలో పని చేసేవాడు. ఆయన మేస్త్రీ హోల్డెన్ నడిపేవాడు. అందుకని ఈయన ఫోర్డ్ కొన్నాడు. మా దగ్గర విశ్వాసాలు ఇలాగే మొదలవుతాయి, తరవాత తరవాత వాటికి కారణాలు దొరుకుతాయి. గ్లెనిస్ ఆ బండి వెనక సీట్లో, కొలిమి పొగగొట్టం వంక చూస్తూ పెరిగింది. ఊళ్ళో ఎక్కడ నుంచున్నా ఆ పొగగొట్టం కనపడుతుంది. తూర్పున నీలం కొండలు, పడమట బురద నేలల మీద పాకే సముద్రం, మధ్యలో అది.

ఆమె పెళ్ళాడిన ఆల్విన్ హోల్డెన్ మనిషి. మతాంతర వివాహం అని ఊరంతా నవ్వింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో నేల మీద ఆల్విన్ సుద్దతో ఒక గీత గీశాడు. ఇటు అతని బండి, అటు ఆమె బండి. ఇటు పానా అటు దొర్లితే అడిగి తీసుకోవాలి. ఒకరి నూనె మరకలు ఒకరి వైపు పాకితే తుడిచేదాకా రాత్రి భోజనం లేదు. ఇరవయ్యేళ్ళు ఆ గీత చెరిగినప్పుడల్లా మళ్ళీ గీసుకుంటూ సంతోషంగా కాపురం చేశారు. ఆల్విన్ పోయాక ఆమె అతని బండిని ఊళ్ళోకెల్లా పరమ హోల్డెన్ భక్తుడిని వెతికి ఇచ్చింది. ఫోర్డ్ ఇంట్లో దిక్కులేనిదానిలా పడి ఉండటం దానికి మర్యాద కాదని చెప్పింది.

బతుకుతెరువుకి ఆమె బడి బస్సు నడిపింది. చుట్టుపక్కల గోధుమ పొలాల పిల్లల్ని దుమ్ము దారుల మీద పొద్దున తెచ్చి సాయంత్రం దింపేది. ఆ బస్సులో చాలాకాలం ఒక్క ముల్లూ పనిచేయలేదు. వేగం ఎంతో, వేడి ఎంతో ఇంజను గొంతును బట్టే తెలుసుకునేది. అల్లరి ఎక్కువైతే, బస్సు ఏదో చెబుతోంది, మీ గోలలో నాకు వినపడటం లేదు అనేది. పిల్లలు నిజంగానే ఊరుకునేవాళ్ళు, బస్సు ఏం చెబుతుందో తామూ విందామని. ఇప్పుడు ఊళ్ళో నడివయసులో ఉన్న మాలో సగంమందిమి అలా చెవులు రిక్కించి కూర్చుని పెరిగినవాళ్ళమే.

ఆమె ఫోర్డ్ బండి పేరు ఫాల్కన్, ముదురు ఆకుపచ్చది. పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. నిలబెట్టి స్టార్ట్ చేస్తే మొదట గొంతు సవరించుకుంటుంది, తరవాత నేలలోంచి మాట్లాడుతుంది. ఆ బండిని పక్కన పెట్టి గ్లెనిస్ గురించి చెప్పడం కుదరదు. మౌరో డిచెల్యేని పక్కన పెట్టీ కుదరదు.

మౌరో తాతలు ఇటలీ నుంచి వచ్చి మా వాగులోంచి సముద్రం మీదికి పడవలు నడిపినవాళ్ళు. అతనూ చేపల పనే చేశాడు. అతని చేతుల్లో ఉప్పు, గోళ్ళలో గ్రీజు ఎప్పుడూ వదలవు. అతని టొరానా హోల్డెన్ వాళ్ళది. చిన్న ఒళ్ళు, దానికి తగని పెద్ద ఇంజను. ఊరి బయట పాత విమానాల మైదానంలో మా క్లబ్బు పావు మైలు పందేలు పెడుతుంది. ఇద్దరిద్దరు పక్కపక్కన నుంచుని, దీపం పచ్చబడగానే తిన్నగా దూకడమే. మధ్యలో గోడ లేదు, తెల్లటి గీత ఒకటి ఉంటుంది. దాన్ని దాటి పక్కవాడి దారిలోకి వెళితే, ముందు వచ్చినా ఓడినట్టే. ప్రతి ఏడూ ఎండలు ముదరక ముందు జరిగే చివరి పందెం గ్లెనిస్‌కీ మౌరోకీ మధ్య. మిగతావన్నీ దానికి ముందు నడిచే వాయిద్యాల్లాంటివి.

ఓడినవాళ్ళు తల మీది టోపీ తీసి, గెలిచిన బండి అద్దం మీద చచ్చి అతుక్కున్న పురుగుల్ని దానితో తుడవాలి. అది మా ఆచారం. గ్లెనిస్ ఫోర్డ్ టోపీలు అలా ఎన్ని పాడయ్యాయో చెప్పలేం. ప్రతిసారీ ఓ బండి పొడుగు తేడాతో, ఓసారి ముక్కు తేడాతో, ఆమే ఓడేది. తుడుస్తున్నంతసేపూ తిట్టేది. హోల్డెన్ వెనక అద్దానికి వేడి తీగలు ఎందుకు పెట్టారనుకున్నావు, బండి ఆగిపోతే తోసేవాళ్ళ చేతులు చలికి కొంకర్లు పోకుండా, అనేది. మౌరో బానెట్ మీద కూర్చుని, ఆ మూల కూడా తుడవమని వేలు చూపించేవాడు. డాక్టర్లు ఫోర్డ్ కొనుక్కోమని ఎందుకు రాసిస్తారంటే నడక గుండెకి మంచిదట, అనేవాడు.

ఒక్క ఏడు ఆమె గెలిచింది. సగం దారిలో మౌరో బండిలో బెల్టు తెగింది. అతను టోపీ తీసుకుని వస్తే ఆమె అద్దానికి అడ్డంగా నిలబడింది. బెల్టు తెగి వచ్చింది బెల్టు గెలుపు, నాది కాదు, టోపీ పెట్టుకో అంది. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది ఏమిటో మా అందరికీ తెలుసు. అతను నిండుగా నడుపుతుండగా, అతని బండి నిండుగా అరుస్తుండగా, ఒక్కసారి ముందు వెళ్ళాలి. ఒక్కసారి చాలు.

ఇంతలో చెయ్యి వణకడం మొదలైంది.

కుడి చెయ్యి. ముందు కాఫీ డబ్బా పట్టుకున్నప్పుడు, తరవాత ఏమీ పట్టుకోనప్పుడు కూడా. ఆమె దాన్ని జేబులో పెట్టుకుని తిరిగింది. చలికాలం అయిపోయి ఎండ వచ్చినా జేబులోంచి చెయ్యి తీయలేదు. వణుకుడు జబ్బు అని అడిలైడ్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు. ఇంకొంతకాలం ఊళ్ళో బండి నడపొచ్చు గానీ, వచ్చే ఏటికి పందెం లైసెన్సుకి తను సంతకం పెట్టనన్నాడు. అంటే మా ఎండాకాలానికి ముందు వచ్చే ఈ అక్టోబరు పందెమే ఆఖరు. ఈ సంగతి ఆమె కూతురు కెరిన్‌కి ఒక్కదానికే చెప్పింది. కెరిన్ మౌరోకి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని అతనికి చెప్పి, అదే మాట చెబుతూ మరో నలుగురికి చెప్పింది. తల్లి మీద ప్రేమతోనే చెప్పింది. అందులో సందేహం లేదు.

ఆ ఆదివారం ఉత్తరపు గాలి వేడిగా వీస్తోంది. ఉప్పు పొదలు బూడిద రంగు జంతువుల్లా వంగి పడుకున్నాయి. గ్లెనిస్ ఫాల్కన్ దిగగానే ఎవరో నీడలో కుర్చీ వేశారు. ఎవరో టీ తెచ్చారు, అదీ కప్పు నిండా కాదు, సగానికే, తొణక్కుండా. మామూలుగా అయితే ఆమె బండి గేటు దాటగానే, టాక్సీలన్నీ ఫాల్కన్లే కాబట్టి, టాక్సీ వచ్చింది, ఎవరు పిలిచారు అని హోల్డెన్ వాళ్ళు అరుస్తారు. ఆ రోజు చేతులూపారు. బండి చాలా బాగుందమ్మా, రంగు మెరుస్తోంది అన్నారు.

ఆమె చుట్టూ చూసింది. కాసేపు చూసి, తనే మొదలుపెట్టింది. మౌరో టొరానా పక్కకు వెళ్ళి టైరుని కాలితో తన్ని, ఈ రేకు డబ్బాలో ఈ వారం చేపలేమైనా మిగిలాయా, కంపు కొడుతోంది అంది. మేం అందరం మౌరో వంక చూశాం. అతను నోరు తెరిచాడు. ఏదో వచ్చింది పెదాల దాకా, మాకు కనపడింది. కానీ అతను దాన్ని మింగేసి, ఎండగా ఉంది గ్లెన్, కూర్చోరాదా, అన్నాడు.

ఆమెకు అప్పుడే తెలిసిపోయిందని నేను అనుకుంటాను. మర్యాద మా మధ్యకి ఎప్పుడు వస్తుందో మాకు తెలుసు. పాదిరి ముందు, పోలీసుల ముందు, చావు ఇంట్లో. మరి ఆ రోజు పాదిరీ లేడు, పోలీసులూ లేరు.

పందెం సమయానికి క్లారీ వుండ్కె దీపాల స్తంభం దగ్గరికి వెళ్ళాడు. క్లబ్బు పెద్ద అతనే. తీర్పు అతనిదే. రెండు బండ్లూ నిలబడ్డ చోటే చక్రాలు గిరగిరా తిప్పి టైర్లు కాల్చుకుని, తెల్లటి పొగలోంచి మెల్లగా ముందుకొచ్చి నుంచున్నాయి. కాలిన రబ్బరు వాసన మాకు పూల వాసన లాంటిది. కళ్ళు మూసుకుంటే చిన్నతనం కనపడుతుంది. దీపం పచ్చబడింది.

రెండూ ఒక్కసారే దూకాయి. గ్లెనిస్ దూకడం ఎప్పుడూ బాగుంటుంది. ఆ రోజు ఇంకా బాగుంది. సగం దారి దాకా ఫాల్కన్ ముక్కు ముందుంది. అక్కడి నుంచి టొరానా అందుకోవడం మేం ప్రతి ఏడూ చూసేదే. అందుకుంటోంది కూడా. అప్పుడు ఫాల్కన్ కొంచెం పక్కకు జరిగింది. ఎవరో నిద్రలో దిండు వైపు ఒరిగినట్టు, తొందర లేకుండా, తెల్ల గీత మీదికి. ఎడమ చక్రాలు గీత దాటాయి. టొరానా ముందు చక్రానికీ దానికీ మధ్య ఒక మనిషి ఒంటి మందం చోటు మిగిలింది. టొరానా గొంతు పడిపోయింది. ఫాల్కన్ మళ్ళీ మెల్లగా తన దారిలోకి తనే వచ్చింది. చివరి గీత ముందు తనే దాటింది.

మేం అందరం చూశాం. క్లారీ చూశాడు. తరవాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు వినపడ్డాయి. క్లారీ తల వంచుకుని, మైకులో గ్లెనిస్ ట్రెజెన్జా గెలిచిందని చెప్పాడు. కెరిన్ ఏడుస్తూ నవ్వింది. ఆమెకు చివరి పందెం, చివరి ఏడు. ఒక గీత దాటితే ఏమైపోతుంది? మా అందరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. అంతమంది ఒకేసారి ఒకటే అనుకుంటే అది మంచితనమే అయి ఉంటుందని నమ్మాం.

మౌరో టోపీ తీసి ఫాల్కన్ అద్దం తుడిచాడు. శుభ్రంగా, మూలమూలలా తుడిచాడు. ఒక్క మాట అనలేదు. గ్లెనిస్ స్టీరింగ్ వెనక కూర్చుని, అద్దంలోంచి అతని ముఖం చూస్తూ ఉంది. అతను ముగించాక దిగింది.

"యాక్సిలరేటరు మీంచి కాలెందుకు తీశావు?" అంది.

మూడో గేరు పడలేదని చెప్పాడు మౌరో. టోపీ మడుస్తూ, దాన్నే చూస్తూ చెప్పాడు.

"గేరు పడకపోతే ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది రా. నీది అరవలేదు. ఊపిరి వదిలింది. బస్సులో కూర్చోబెట్టి ఊరందరికీ వినడం నేర్పింది నేను. నాకే చెబుతావేంట్రా, గేరు పడలేదని?"

ఆమె గొంతులో అప్పటికి కోపం తప్ప ఇంకేం లేదు. జాలి పడ్డావా అని అడిగింది. ఎవరు చెప్పారు నీకు అని అడిగింది. అడుగుతూ కూతురి వంక చూసింది, కెరిన్ నేల చూసింది. సరే, జాలి పడ్డావు, దానికి మందుంది, బండి చల్లారనీ, మళ్ళీ పరిగెత్తుదాం, ఈసారి మగాడిలా నడుపు అంది. క్లారీ వచ్చి, ఈ రోజుకి చాలు గ్లెనిస్, గాలి పెరుగుతోంది అన్నాడు. గాలి పొద్దుటి నుంచీ అంతే ఉందని ఆమె అంది. మౌరో వైపు తిరిగి, మళ్ళీ నుంచోడానికి భయమా అంది. భయమైతే చెప్పు, మీ హోల్డెన్ వాళ్ళకి కొత్తేం కాదుగా.

"భయమే," అన్నాడు మౌరో. "నువ్వు గీత దాటావు గ్లెన్. నా మీదికి వచ్చావు. ఇంకొంచెం అయితే ఇద్దరం పోయేవాళ్ళం. నీకు తెలీలేదు. అదే నా భయం, నీకు తెలీకపోవడమే."

ఆమె అతన్ని చూసింది. తరవాత క్లారీని, తరవాత మమ్మల్ని, ఒక్కొక్కరినీ, బస్సు ఎక్కుతున్నప్పుడు లెక్క చూసుకున్నట్టు చూసింది. మేం కళ్ళు దించుకున్నాం. ఆమెకు జవాబు దొరికింది.

ఎవరూ తోడు రావద్దని చెయ్యి ఊపి, పందెం దారి మీద నడుచుకుంటూ వెళ్ళింది. ఆ చెయ్యి ఇప్పుడు జేబులో లేదు. వణుకుతూ పక్కనే వేలాడుతోంది, ఆమెకు దాన్ని దాచాలన్న ధ్యాస లేదు. వేడికి దారి మీద గాలి నీళ్ళలా కదులుతోంది. అందులో ఆమె కాళ్ళు తెగినట్టు, మళ్ళీ అతికినట్టు కనిపించాయి. ఒక చోట ఆగింది. తెల్ల గీత మీద నల్లటి చార, అటు వెళ్ళి, ఇటు వచ్చింది. వంగి, రంగు ఆరిందో లేదో చూసేవాళ్ళలా, వేలితో తాకింది. చాలాసేపు అలాగే ఉంది.

జాలి పడ్డాడని తెలిసినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. కోపం మనిషిని నిలబెడుతుంది. జాలి మౌరో తప్పు, దాన్ని తిట్టొచ్చు, సవాలు చేయొచ్చు. ఈ చార ఎవరి తప్పూ కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె భుజాలు మాకు తెలిసిన గ్లెనిస్ భుజాలు కావు.

క్లారీ దగ్గరికి వెళ్ళి, పందెం మౌరోది అని చెప్పింది. నియమం అందరికీ ఒకటే, గీత దాటినవాళ్ళు ఓడినట్టు, నువ్వే కదా ప్రతి ఏడూ మైకులో చదువుతావు అంది. క్లారీ తల గోక్కున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమె బస్సులో మొదటి వరసలో కూర్చున్నవాడే.

"ఉంచుకో గ్లెనిస్. ఎవరికి నష్టం?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. నష్టం ఎవరికీ లేదంటే, ఆ గెలుపు ఎవరికీ అక్కర్లేనిదన్నమాట. ఒకప్పుడు ఆమె ముక్కు తేడాతో ఓడిన ఏట, ఫోటో చూడాలని, తీర్పు మార్చాలని రెండు వర్గాలూ చీకటి పడేదాకా ఇక్కడే గుద్దులాడుకున్నాయి. ఒకడికి పన్ను ఊడింది. ఆ రోజు ఆమె ఓటమికి అంత విలువ ఉండేది.

గ్లెనిస్ నేరుగా బండి దగ్గరికి వెళ్ళింది. తాళం చెవి కెరిన్ చేతిలో పెట్టి, ఫాల్కన్‌లో పక్క సీట్లో కూర్చుంది. ఆ సీట్లో ఆమె కూర్చోవడం మేం ఎప్పుడూ చూడలేదు. కెరిన్‌కి ఆ బండి క్లచ్ అలవాటు లేదు, రెండుసార్లు ఆగిపోయింది. మామూలుగా అయితే మైదానం మైదానమంతా కేకలతో దద్దరిల్లేది. మేం దారి ఇచ్చి నిలబడ్డాం. బండి గేటు దాటేదాకా ఈగల చప్పుడు వినపడుతూనే ఉంది.

ఆ తరవాత ఆమె క్లబ్బుకి రాలేదు. మూడు నాలుగుసార్లు మనిషిని పంపాం, ఊళ్ళో కనిపిస్తే అడిగాం. మోకాళ్ళు నొప్పి అని చెప్పింది. మా క్లబ్బు గోడ మీద గెలిచినవాళ్ళ పేర్లు పెయింటుతో రాస్తాం. ఆ ఏడు పేరు ఆమెదే రాశారు. మౌరో అది చూసి చెరిపేయమన్నాడు, క్లారీ ఒప్పుకోలేదు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఆమె లేని చోట తిట్లు కూడా పలచబడ్డాయి. ఒకడు ఫోర్డ్ గురించి ఏదో అంటాడు, ఇంకొకడు నవ్వబోయి ఆగిపోతాడు. ఏదో గుర్తొచ్చినట్టు అందరం చేతిలో రొట్టె మీద ఇంకొంచెం సాస్ వేసుకుంటాం.

బండి వాడకుండా ఉంచితే ఇంజను పట్టేస్తుంది కాబట్టి వారానికోసారి స్టార్ట్ చేసి ఉంచమని కెరిన్ మౌరోని అడిగింది. గ్లెనిస్ వద్దనలేదు. అతను వచ్చినప్పుడు ఆమె వెనక వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. అతను షెడ్డు తలుపు తెరిచి, ఫాల్కన్ స్టార్ట్ చేసి, అది వేడెక్కేదాకా పక్కన నిలబడతాడు. ఆమె కళ్ళు మూసుకుని వింటుంది. ఒకటి రెండుసార్లు, నాలుగో సిలిండరు మొరాయిస్తోంది చూడు అంది. చూశాడు, నిజమే, బాగుచేశాడు. ఆమె చెవులకి ఏ జబ్బూ రాలేదు.

మొన్న ఎండాకాలంలో నేను టమాటాలు ఇద్దామని వెళ్ళినప్పుడు మౌరో అక్కడే ఉన్నాడు. ఇంజను నెమ్మదిగా నడుస్తోంది. గ్లెనిస్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదానితో ఒకదాన్ని అదిమి పట్టుకుని కూర్చుంది. మౌరో ఇంజనుకి చెవి దగ్గరగా పెట్టి, టకటకమంటున్న టాపెట్లు సరిచేసి, గుడ్డతో బానెట్ అంచు తుడిచాడు. హోల్డెన్ మనిషి ఫోర్డ్‌ని అంత ముద్దుగా తుడవడం చూడటానికే ఎలాగో ఉంది.

"మౌరో," అని పిలిచింది గ్లెనిస్. "ఒక్క మాట అను రా దాన్ని."

అతనికి అర్థం కాలేదనుకున్నాను. అర్థమైంది.

"ఏమనను?"

"ఏదో ఒకటి. తుప్పు డబ్బా అను. చెత్తకుండీ అను. ముప్పై ఏళ్ళు నోరు మూయలేదుగా నువ్వు. నన్నను పోనీ, ముసలిదానా అను."

మౌరో గుడ్డ మడిచాడు. విప్పాడు. ఇంజను వంక చూశాడు, ఆమె చేతుల వంక చూశాడు. చూడకూడదని ఒకసారి తల తిప్పుకుని, మళ్ళీ అటే చూశాడు. పడవ మీద తుఫానులో నిలబడ్డ మనిషి అతను. నాకు వెళ్ళిపోవాలనిపించింది, కానీ చేతిలో టమాటాలు ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మంచి బండి గ్లెన్," అన్నాడు. "చాలా మంచి బండి."

ఆమె కుర్చీ చేతుల మీద బరువు వేసి మెల్లగా లేచింది. సాయానికి అతను ఒక అడుగు ముందుకేసి, ఆగాడు. లోపలికి వెళ్ళి ఆమె తలుపు వేసుకుంది. ఫాల్కన్ నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలో, ఇంకాసేపు ఉంచాలో తెలియక మౌరో షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.